బొమ్మలు వేస్తే నేల బాగుపడుతుందా? ఆనందపురం ఎర్రనేల ప్రశ్నకు నా జవాబు

ప్రశ్న అడిగిన అమ్మాయి చెప్పినది క్లుప్తంగా ఇదీ. విశాఖ జిల్లా ఆనందపురం దగ్గర ఎకరం ఇరవై సెంట్ల ఎర్రమట్టి మెట్ట. పన్నెండేళ్ళు నీలగిరి చెట్లు ఉంచి, పోయినేడాది కొట్టించేశారు. ఇప్పుడు అక్కడ గడ్డి కూడా సరిగ్గా మొలవడం లేదు. ఆమె ఫైన్ ఆర్ట్స్ చదివింది. రసాయనాలు లేకుండా ఆ నేలకి మళ్ళీ ప్రాణం పోస్తూ, ఆ పనినే ఒక కళగా జనానికి చూపించాలని కోరిక. నాన్నగారేమో "బొమ్మలేస్తే పంట పండుతుందా?" అంటున్నారు. ఇందులో కళకు నిజంగా పని ఉందా, ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది ప్రశ్న.

ముందు నాన్నగారి పక్షాన ఒక మాట. ఆయన అన్నది నిజం, బొమ్మ వల్ల గింజ రాలదు. నేలను లేపేవి ఏడాది పొడుగునా మట్టిలో బతికున్న వేరు, మట్టి మీద ఎప్పుడూ ఏదో ఒక కప్పు, పశువు పేడ, ఒకే పంట బదులు పది రకాల మొక్కలు. వీటిలో ఏ ఒక్కదానికీ కళ బదులు కాదు. కానీ నేల బాగుపడటం చాలా మెల్లగా సాగుతుంది, కంటికి ఆనదు. రెండో ఏడాదికే ఓపిక పోయి మళ్ళీ యూరియా బస్తా తెచ్చుకున్నవాళ్ళని మా ఊళ్ళోనే నలుగురిని చూశాను. మట్టిలో జరుగుతున్నది కంటికి ఆనేలా చేయడానికి బొమ్మ పనికొస్తుంది. నా అనుభవంలో తేలిన సలహా ఒకటే: బొమ్మను నేల చేతే గీయించండి. మీరు కాగితం, బట్ట అందిస్తే చాలు.

నా సంగతి రెండు ముక్కల్లో. హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా పాతికేళ్ళ పైన పనిచేశాను. పద్మనాభం వైపు మాకు రెండెకరాల గరువు, అంటే మెట్ట భూమి, ఉంది. సగం మామిడి, సగం సరుగుడు ఉండేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడిన రోజు సరుగుడు మొత్తం పడుకుండిపోయింది. మామిళ్ళలో సగం వేళ్ళతో సహా పైకి లేచిపోయాయి. మర్నాడు వెళ్ళి చూస్తే పడిపోయిన చెట్ల కన్నా ఆ వేళ్ళే నన్ను ఎక్కువ భయపెట్టాయి. పాతికేళ్ళ చెట్టు వేళ్ళు కిందికి దిగకుండా పళ్ళెంలా పక్కలకి పరుచుకుని ఉన్నాయి. ఏటా వరసల మధ్య రోటవేటరు తిరిగిన లోతు కింద మట్టి గచ్చులా గట్టిపడిపోయింది. ఆ సాయంత్రం ఒక వేరు బొమ్మ గీశాను. నేల గురించి నేను గీసిన మొదటి బొమ్మ అదే.

ముందు మీ నేల సంగతి. నీలగిరి తీసిన చోట రెండు ఇబ్బందులు ఉంటాయి. ఒకటి, ఆకుల్లోని మైనం, నూనెలు పైమట్టి రేణువులకి పట్టి మట్టి నీళ్ళు తాగదు. దీనికి ల్యాబు అక్కర్లేదు. చారెడు పైమట్టి నీడన ఆరబెట్టి, పళ్ళెంలో చదును చేసి, ఇంకు ఫిల్లరుతో ఒక్క నీటి చుక్క వేయండి. ఐదు సెకన్లలోపు ఇంకిపోతే ఫరవాలేదు. అంతకు మించి ముత్యంలా నిలబడి ఉంటే మట్టి నీటిని తోసేస్తోందని అర్థం. గడ్డి మొలవకపోవడానికి సగం కారణం అదే కావచ్చు. మిగతా సగం, కుళ్ళని ఆకులోంచి దిగే పదార్థాలు మొలకను అణచడం. రెండో ఇబ్బంది మొదళ్ళు. నరికినా చిగురిస్తూనే ఉంటాయి. జేసీబీ పెట్టి అన్నీ పెకలించమని చాలామంది చెబుతారు. వాలు భూమి అయితే నేను వద్దంటాను. ఒక్క పెద్దవానకి ఆ గోతుల మట్టంతా కింది పొలానికి పోతుంది. చిగురు వేసినప్పుడల్లా విరిచేస్తూ ఉంటే మొదలు నీరసించి చస్తుంది, కుళ్ళిన వేళ్ళు నీళ్ళు లోపలికి దిగడానికి దారులవుతాయి. ఓపిక కావాలి, అంతే.

దీనికి మందు మాత్రం పాతదే, రకరకాల విత్తనాలు కలిపి చల్లడం. మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి సేద్యం కార్యక్రమంలో దీన్ని వాన రాకముందు వేసే నవధాన్యాల సాగు అంటారు. ఈ కార్యక్రమానికే 2024లో పోర్చుగల్ వాళ్ళ గుల్బెంకియన్ బహుమతిలో వాటా వచ్చింది. ఏప్రిల్ నెలాఖరులోనో మే నెలలోనో, పొడి నేలలోనే, రకరకాల విత్తనాలు కలిపి చల్లడం. పేరుకి తొమ్మిదే అయినా నేను పద్దెనిమిది, ఇరవై రకాల దాకా కలుపుతాను. చోళ్ళు (రాగులు), గంటెలు (సజ్జలు), కొర్రలు, జొన్న, కంది, పెసర, మినుము, బొబ్బర, ఉలవ, నువ్వులు, ఆవాలు, ఆముదం, గోగు, జనుము, జీలుగ, బెండ, తోటకూర... ఇంట్లో మిగిలిన డబ్బాలన్నీ దులిపేస్తాం. విత్తనాలకి పేడ, మూత్రం కలిపిన బీజామృతం పట్టించి, బంకమట్టి, బూడిద పొరలుగా అద్ది ఉండలు చేస్తే చీమలు ఎత్తుకుపోవు, చిన్న జల్లుకే తొందరపడి మొలిచి ఎండిపోవు. ఎకరానికి నాలుగు వందల కిలోల ఘన జీవామృతం (పేడతో చేసి ఆరబెట్టిన ఎరువు) ముందే వేసుకోవాలి. తర్వాత పదిహేను రోజులకోసారి ద్రవ జీవామృతం: పది కిలోల పేడ, పది లీటర్ల లోపు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గట్టు మీది చారెడు మట్టి, రెండొందల లీటర్ల నీళ్ళు, రెండు రోజులు ఊరనివ్వడం. పక్కనే అనకాపల్లి పెట్టుకుని బెల్లానికి మనం బాధపడక్కర్లేదు. గెత్తం (మాగిన పశువుల ఎరువు) దొరికితే ఎంతైనా తోలించండి. నీలగిరి నేలకి అదే మొదటి అన్నం.

ఇక బొమ్మల దగ్గరికి వద్దాం. మొదట నా తెలివితక్కువతనం చెప్పాలి.

2015లో నేనూ మీలాగే ఆలోచించాను. అర ఎకరంలో నెమలి బొమ్మ గీద్దామనుకున్నాను. మెడకి తోటకూర, ఒంటికి పెసర, తోకకి చోళ్ళు, గంటెలు. పైనుంచి ఫోటో తీస్తే అద్భుతంగా ఉంటుందని. ట్రాక్టరుతో బాగా దున్నించి, ముగ్గుపిండితో గీత గీసి, మా ఆవిడా నేనూ రెండు రోజులు వంగి విత్తాం. జూన్ మొదటి వారంలో రాత్రి గంటన్నర వాన పడింది. పొద్దున్నే వెళ్తే నెమలికి తోక లేదు. విత్తనాలూ మట్టీ కలిసి వాలు వెంట జారి పక్క పొలంలో తేలాయి. ఆ ఏడు పక్క రైతు గట్టు మీద చోళ్ళు ఏపుగా పండాయి. ఆయన ఇప్పటికీ నన్ను "ఏం మాస్టారూ, ఈ ఏడు నెమలి ఎప్పుడు వస్తుంది?" అని అడుగుతాడు.

నేను నేల వాలును చూడకుండా, దాన్ని డ్రాయింగ్ షీటు అనుకున్నాను. మరుసటి ఏడు మూడు సరుగుడు కర్రలతో ఇంగ్లీషు 'ఏ' అక్షరంలాంటి చట్రం కట్టి, పై కొసనుంచి దారానికి రాయి వేలాడదీశాను. రెండు కాళ్ళూ ఒకే మట్టంలో ఉంటే దారం అడ్డకర్ర మీద పెట్టిన గుర్తు దగ్గర ఆగుతుంది. ఒక కాలు నేలమీద ఉంచి రెండోదాన్ని తిప్పుతూ, దారం గుర్తు దగ్గర ఆగిన చోటల్లా ఒక పుల్ల గుచ్చుతూ పోవడమే. ఈ పని కూలీలకి ఎంత చెప్పినా బుర్రకెక్కలేదు. మా ఆవిడ చూసి "చుక్కల ముగ్గే కదా ఇది, చుక్కలు నేల పెడుతోంది, మనం కలుపుతున్నాం" అంది. అంతే, ఆడవాళ్ళు నలుగురూ పూటలో పొలమంతా చుక్కలు పెట్టేశారు. పుల్లలు కలుపుతూ ముగ్గుపిండి పోస్తే వాలుకు అడ్డంగా మెలికలు తిరిగిన గీతలు వచ్చాయి. ఏ రెండు గీతలూ ఒకదాన్నొకటి తాకవు, వాలు ఎక్కువున్న చోట దగ్గరికొస్తాయి, తక్కువున్న చోట విడిపోతాయి. నేను కల్పించి గీసినా అంత అందంగా రాదు. ఆ గీతల మీద తుపానుకి పడ్డ సరుగుడు మొద్దులు పేర్చి, మట్టి ఎగదోసి, చిన్న గట్లు వేశాం. వాన నీరు గీత దగ్గర ఆగి ఇంకడం మొదలైంది. ఇప్పుడు ఆ గట్ల మీద కంది, ఆముదం నిలువుగా, మధ్యలో మిగతావి. పైనుంచి చూస్తే ముగ్గే. మీ ఎకరం ఇరవై సెంట్లలో మొదటి బొమ్మ ఇదే కావాలని నా మాట. మీకు ప్రదర్శన, నాన్నగారికి గట్లు.

రెండోది వాన బట్ట. ఇది నాకు బాగా ఇష్టం. ఖర్చు లేదు, పిల్లలకి కూడా అర్థమవుతుంది. తొలకరికి ముందు రెండడుగుల ఎత్తు తెల్ల నూలు బట్టలు రెండు, కర్రలకి బిగించి, నేలకి ఆనించి నిలబెట్టండి. ఒకటి బోడి నేల దగ్గర, ఇంకొకటి ఎండుగడ్డి, ఆకులు మందంగా కప్పిన చోట. పెద్ద వాన చినుకు సెకనుకి తొమ్మిది మీటర్ల దాకా వేగంతో దిగుతుంది. కప్పులేని మట్టి మీద పడితే చిన్న బాంబులాగే. మట్టి ముద్దలు చెదిరి, సన్నటి రేణువులు రెండడుగుల ఎత్తు దాకా ఎగురుతాయి, తిరిగి పడి పైపొర రంధ్రాలు మూసేస్తాయి. వాన వెలిశాక బోడి నేల దగ్గర బట్ట కింద ముదురు ఎరుపు, పైకి పోయేకొద్దీ పలచన, అంచుల్లో చిన్న చిన్న చుక్కలు. కప్పు ఉన్నచోట బట్ట దాదాపు తెల్లగానే ఉంటుంది. మన పాత ఇళ్ళకి గోడ అడుగున ఎర్రటి జాజు పట్టీ ఎందుకు వేసేవారో ఈ బట్ట చూశాక నాకు తట్టింది. చూరు నీళ్ళకి ఎగిరే మట్టి కనిపించకుండా ఉండటానికి కావచ్చు.

ప్రతి ఏడూ అదే చోట, తొలి పెద్దవానకే బట్ట పెట్టి, తేదీ రాసి దాచండి. నా దగ్గర ఏడు బట్టలున్నాయి. వరసగా వేలాడదీస్తే ఎడమ నుంచి కుడికి ఎరుపు కిందికి దిగిపోతూ వస్తుంది. మధ్యలో ఒక ఏడు మాత్రం మళ్ళీ పైకెక్కింది. ఆ ఏడు మోకాళ్ళ నొప్పులని కప్పు వేయలేదు. బట్ట అబద్ధమాడదు.

మూడోది పాతిన బట్ట. మాసిన నూలు బట్ట, నూటికి నూరుపాళ్ళు నూలే అయుండాలి, జేబురుమాలంత ముక్కలు కోసి, జానెడు లోతులో పాతి, రెండు నెలలాగి తీయాలి. నూలు అంటే సెల్యులోజు. మట్టిలోని శిలీంధ్రాలకి, సూక్ష్మజీవులకి తిండి. మట్టి బతికి ఉంటే తినేస్తుంది, లేకపోతే అలాగే ఉంచుతుంది. మొదటి ఏడు మా సరుగుడు మడిలో పాతింది ఉతికి ఆరేస్తే మళ్ళీ వాడుకోవచ్చన్నట్టు బయటికొచ్చింది. మామిడి కింద గెత్తం వేసినచోట మటుకు బట్ట లేదు, అంచు కుట్టిన పాలిస్టరు దారం ఒక్కటే చతురస్రంగా మిగిలింది. ఆ ఖాళీ చతురస్రాన్ని నల్ల అట్ట మీద అంటించి చట్రం కట్టించాను. ఊళ్ళో ఒక ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మాస్టారూ, మీ మట్టికి పళ్ళొచ్చాయి" అన్నాడు. ఇన్నేళ్ళలో నా బొమ్మలకి వచ్చిన మెచ్చుకోళ్ళలో అంతకన్నా మంచిది లేదు. మీ నీలగిరి మడిలో ఆరు ముక్కలు, గట్టు మీద పాత వేప కింద ఆరు ముక్కలు ఒకేరోజు పాతండి. తడి ఉన్న రోజుల్లోనే చేయాలి. మేలో పాతితే ఎంత మంచి నేలైనా నిద్రలోనే ఉంటుంది.

నాలుగోది గుండ్రటి మట్టి చిత్రం. క్రొమటోగ్రామ్ అంటారు. ఎరెన్‌ఫ్రీడ్ ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త మట్టికి దీన్ని వాడుకలోకి తెచ్చాడు. పద్ధతి ఇలా: ఆరబెట్టి జల్లించిన ఐదు గ్రాముల మట్టిని ఒక శాతం కాస్టిక్ సోడా నీళ్ళు యాభై మిల్లీలీటర్లలో కలిపి, మధ్య మధ్య తిప్పుతూ, ఆరేడు గంటలు తేరనివ్వాలి. గుండ్రటి ఫిల్టర్ పేపరు మధ్యలో చిన్న చిల్లు చేసి, చుట్టిన కాగితం వత్తి పెట్టి, ముందు అర శాతం సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని నాలుగు సెంటీమీటర్ల దాకా పీల్చనివ్వాలి. చీకట్లో ఆరబెట్టి, కొత్త వత్తితో తేరిన మట్టి నీటిని ఆరు సెంటీమీటర్ల దాకా పీల్చనివ్వాలి. తర్వాత నీడ వెలుతురులో వారం, పది రోజులు. మెల్లగా వలయాలు, కిరణాలు, అంచున మబ్బుల్లాంటి రంగులు విచ్చుకుంటాయి. చచ్చిన మట్టికి మందకొడిగా, గీతలు లేని వలయాలు. బతికిన మట్టికి పువ్వు విచ్చుకున్నట్టు కిరణాలు మధ్య నుంచి అంచుదాకా పోతాయి.

చాలా అందంగా ఉంటుంది, అందుకే జాగ్రత్తగా ఉండమంటున్నాను. దీన్ని చూసి నత్రజని ఇంత, భాస్వరం ఇంత అని చెప్పేవాళ్ళని నమ్మకండి. ఒకే పొలం మట్టిని ఏటా ఒకే నెలలో, ఒకే చేతితో చేసి పక్కపక్కన పెట్టుకుంటే పోలికకి పనికొస్తుంది. అంకెలకి మట్టి పరీక్షే. సాయిల్ హెల్త్ కార్డు 2015 నుంచి ఇస్తున్నారు, అందులో పన్నెండు అంశాలుంటాయి. రైతు సేవా కేంద్రంలో నమూనా ఇవ్వండి, సేంద్రియ కర్బనం గడి ముందు చూడండి. అర శాతం లోపైతే తక్కువ కింద లెక్క. మాది ఆ గీత దాటడానికి ఆరేళ్ళు పట్టింది. మన ఎండకి, ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రనేలలో కర్బనం త్వరగా కాలిపోతుంది, పెరగడం అంత తేలిక కాదు. కానీ ఆ పన్నెండు గడుల్లో ఎర్రలు (వానపాములు) ఎన్ని ఉన్నాయి, బూజు దారాలెన్ని ఉన్నాయి అని చెప్పేది ఒక్కటీ లేదు. మీ బట్టలూ మీ గుండ్రటి కాగితాలూ ఆ ఖాళీలోకి వస్తాయి. ఇంకో మాట, సిల్వర్ నైట్రేట్ చేతికి తగిలితే చర్మం నల్లబడి రోజుల తరబడి పోదు, కంట్లో పడితే ప్రమాదం. కాస్టిక్ సోడా కాలుస్తుంది. తొడుగులు, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోవద్దు, మిగిలినది పొలంలో పారబోయొద్దు. బడి పిల్లల చేత అసలు చేయించొద్దు. మా ఆవిడ చీర కొంగు మీద ఇప్పటికీ ఒక నల్లమచ్చ ఉంది, దాని గురించి ఇక్కడ రాయడం క్షేమం కాదు.

వేళ్ళ బొమ్మలు మాత్రం మీరే గీయాలి. సెప్టెంబరులో రకానికి ఒక మొక్క చొప్పున, గడ్డపారతో చుట్టూ వదులు చేసి, విదిలించకుండా ఎత్తండి. గంటె వేరు కుచ్చులా, ఆముదం వేరు మేకులా, బొబ్బర వేరుకి బుడిపెలు. ఆ బుడిపె గోటితో చిదిమితే లోపల గులాబీ రంగుంటే అందులోని బాక్టీరియా గాలిలో నత్రజని పట్టి మొక్కకిస్తోందని గుర్తు. తెల్లగానో, పచ్చగానో ఉంటే పని చేయడం లేదు. వేరుకి మట్టి తొడుగులా అంటుకుని ఉందా, నున్నగా జారిపోయిందా అన్నది కూడా గీయండి. నా పాత బొమ్మల్లో వేళ్ళు కడిగినట్టు బోడిగా ఉన్నాయి. ఇప్పటివాటిలో తొడుగు మందంగా ఉంది, పెన్సిలు ఎక్కువ అరుగుతోంది.

రంగుల సంగతి. ఎర్రనేల ఎరుపు ఇనుము తుప్పే, అదే ఇనుము నీటితో కలిసిన రూపంలో పసుపు. మట్టిని బకెట్టు నీళ్ళలో కలిపి, ఇసుక అడుక్కి దిగాక పైనీళ్ళు వేరే గిన్నెలోకి వంచి, అందులో అడుగున పేరుకున్న మెత్తటి మట్టిని ఆరబెట్టి, తుమ్మజిగురుతో నూరితే నీటిరంగు తయారు. గుప్పెడు మట్టి ఏడాదికి సరిపోతుంది. ఏటా అదే మడి మట్టితో ఒక పట్టీ వేయమని నాకో ఆలోచన వచ్చి తొమ్మిదేళ్ళు వేశాను. నిజం చెప్పాలంటే తేడా చాలా కొంచెం. పై రెండంగుళాల మట్టితో వేసినవి మాత్రం కాస్త ముదురు గోధుమ రంగులోకి తిరిగాయి, కింద మట్టి అలాగే ఎర్రగా ఉంది. ఎవరైనా రెండేళ్ళలో ఎర్రనేల నల్లబడిందని పట్టీలు చూపిస్తే ఆ పట్టీలు తడిగా ఉన్నాయేమో చూడండి.

రంగు కోసం మట్టి తెచ్చుకునేటప్పుడు భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల జోలికి పోవద్దు. అది భూగర్భ శాస్త్రవేత్తలు గుర్తించిన వారసత్వ స్థలం, గుప్పెడు కూడా తీయకూడదు. కానీ వెళ్ళి చూడండి. కప్పులేని ఎర్రమట్టి మీద వాన ఎలాంటి బొమ్మ గీస్తుందో అంత పెద్దగా చూపించే చోటు మనకి ఇంకోటి లేదు. వాగులు కోసిన ఆ గండ్లు చూశాక మీ పొలంలో వేలెడు వెడల్పు కాలువ కనబడ్డా మీకు టెన్షన్ మొదలవుతుంది. మంచిదే.

ఇంకోటి: మట్టి బొమ్మలు చేసి కుమ్మరి ఆవంలో కాల్చాలని ఉంటే మీ పొలం మట్టితో చేయకండి. కాల్చిన మట్టి పెంకు, మళ్ళీ ఎప్పటికీ నేల కాదు. పొలంలో ఎక్కడ తవ్వినా ముందు పోయేది పైమట్టే, అందులోనే ప్రాణం. పచ్చిమట్టితో, విత్తనాలు కలిపి చేసి, వానలో కరగనివ్వండి.

కళతో నేల బాగుచేయడం బయట దేశాల్లో ఉందా అని కూడా అడిగారు. ఉంది. అమెరికాలో మెల్ చిన్ అనే కళాకారుడు 1991లో మిన్నెసోటా రాష్ట్రం సెయింట్ పాల్ ఊళ్ళో పాత చెత్తడిబ్బ మీద, రూఫస్ చానీ అనే వ్యవసాయ శాస్త్రవేత్తతో కలిసి, మట్టిలోని కాడ్మియం, జింకు పీల్చే మొక్కలు నాటాడు. చూడ్డానికి కంచెలో చిన్న తోట. కళ ఎక్కడుందంటే శిల్పి రాయిలోంచి అక్కర్లేనిది తీసేసినట్టు మొక్కలు మట్టిలోంచి విషం తీసేయడంలో ఉందని ఆయన ఆలోచన. శాస్త్రవేత్త పక్కన లేకపోతే అది ఉత్త మాట. మీది పాత వ్యవసాయ భూమి కాబట్టి ఆ భయం లేదనుకుంటాను. కానీ ఇది చదివే వాళ్ళెవరికైనా ఫ్యాక్టరీల పక్కనో, చెత్త పోసిన చోటో భూమి ఉంటే, ముందు లోహాల పరీక్ష చేయించండి, తర్వాతే తినే పంట. ఆ నేలకి జీవామృతం పోసినా లోహం పోదు.

కళకి పనికొచ్చే మొక్కల్లో నేలకీ పనికొచ్చేది ఒకటుంది, నీలిమందు మొక్క. అది పప్పుజాతిదే, వేరుకి బుడిపెలుంటాయి, ఆకు రంగుకి, మిగిలిన కొమ్మా రొట్టా పచ్చిరొట్టకి. గట్ల మీద అంకుడు కూడా వేయండి. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక బొమ్మలు చేసేది ఆ కర్రతోనే, వాటి రంగులు మొక్కల నుంచీ, పూత లక్క నుంచీ. నరికినా అంకుడు మళ్ళీ చిగురిస్తుంది. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, కర్ర దొరకడమే కష్టంగా ఉందని అక్కడివాళ్ళు చెప్పగా విన్నాను. చెట్టు లేకుండా బొమ్మ ఎన్నాళ్ళు నిలుస్తుంది!

ప్రదర్శన ఎక్కడ పెట్టాలి అన్నదానికి నా అనుభవం. ఒకసారి నగరంలో ఒక హాల్లో పెట్టాను. బట్టలు, కాగితాలతో పాటు ట్రేలలో మట్టి కూడా, అందులో మొలకలు. మూడు రోజులు ఏసీ నడిచేసరికి మొలకలు వాడిపోయి మట్టి బీటలు తీసింది. తడపడానికి రాత్రిళ్ళు లోపలికి రానివ్వలేదు. నాలుగో రోజు ఒక పెద్దమనిషి వచ్చి చాలాసేపు నిలబడి చూసి, "కరువుని ఎంత బాగా చూపించారండీ" అని చెయ్యి కలిపాడు. నేను థాంక్స్ చెప్పాను, ఇంకేం చేస్తాను. అప్పటినుంచి జనాన్నే పొలానికి పిలుస్తున్నాను. ఏరువాక పున్నమికి, జ్యేష్ఠ మాసంలో, ఊళ్ళో ఎలాగూ పండగ వాతావరణం ఉంటుంది. మామిడి కింద దారం కట్టి బట్టలు వేలాడదీస్తాం, పక్కనే పార పెడతాం. చూసినవాళ్ళు బట్ట కింద ఉన్న మట్టిని తవ్వి వాసన చూడొచ్చు. నగరం నుంచి వచ్చినవాళ్ళు బట్టల దగ్గర ఆగుతారు, రైతులు నేరుగా పార దగ్గరికి పోతారు. మీ ఊరికి పూలమార్కెట్టు దగ్గర కాబట్టి అక్కడ మిగిలిపోయిన బంతి, చామంతి తట్టలు అడిగి తెచ్చుకోండి. పొలానికి కప్పు, వచ్చినవాళ్ళకి రంగు. మందులు కొట్టిన పూలుంటాయి కాబట్టి ముందు నెలరోజులు కుప్పగా మాగనిచ్చి వేయండి.

అమ్మా, నాన్నగారితో ఈ విషయంలో వాదించకండి. నీటిచుక్క పరీక్ష ఆయన చేతే చేయించండి. ఇంకు ఫిల్లరు ఆయన చేతిలో ఉండగా చుక్క ఇంకకుండా నిలబడితే మీరు ఇంకేమీ చెప్పక్కర్లేదు. మొత్తం భూమి మొదటి ఏడే ఎత్తుకోవద్దు కూడా. ఇరవై సెంట్లు మీ ప్రయోగానికి అడగండి, ఎకరం ఆయనకి వదిలేయండి. మూడేళ్ళు గట్టుకి అటూ ఇటూ పోలిక దానంతటదే కనిపిస్తుంది.

వరస ఇలా పెట్టుకోండి: ఇప్పుడే మట్టి నమూనా ఇవ్వడం, చట్రం కట్టి చుక్కలు పెట్టడం, మే నెలలో గట్లు, గెత్తం, నవధాన్యాలు, తొలకరికి వాన బట్ట, జూలైలో పాతే బట్టలు, సెప్టెంబరులో వాటిని తవ్వడం, వేళ్ళ బొమ్మలు. గుండ్రటి కాగితాలు రెండో ఏడు చూసుకోవచ్చు, తొందరేం లేదు.

బట్టలు పాతినచోట కర్ర గుచ్చి, పొలం గీత గీసి కాగితం మీద కూడా గుర్తు పెట్టుకోండి. మేము 2018లో పాతినవి నాలుగు ఇప్పటికీ దొరకలేదు. కర్రలు మేకలు పడేశాయి. మట్టి తినేసి ఉంటుందని మా ఆవిడ అంటుంది, తప్పుచోట తవ్వుతున్నామని నేనంటాను.